కావలిగుట్ట దాసి

ఆషాఢ అమావాస్య... ఆదివారం... మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు!

సూర్యుడు నడినెత్తిన మండవలసిన వేళ మదనపల్లె మీద కారుమేఘాలు కమ్ముకున్నాయి. పట్టపగలే ఆకాశానికి కాటుక పూసినట్టయింది. కొండల వెనక ఎక్కడో ఉరుము... ఎవరో పెద్ద బండను ఈడుస్తున్నట్టు దొర్లి దొర్లి ఆగింది. మూతపడిన పట్టుదారం షెడ్డు పైన ఒక హాలు ఉంది. ఆ హాలు వెంటిలేటర్ చువ్వల మధ్య ఒక గుడ్లగూబ వచ్చి వాలింది. పగటిపూట కంటపడకూడని పక్షి! దాని గుండ్రటి పసుపు కళ్ళు, కింద తెల్లగుడ్డ తెర కడుతున్న భార్గవినే చూస్తున్నాయి.

"దెయ్యం సినిమా ఏసేకి అమావాస్యే దొరికిందా తల్లీ నీకు?" అంటూ చీపురెత్తి దాన్ని అదిలించింది రెడ్డెమ్మ. ఆ హాలు ఊడ్చి తాళం వేసే ముసలామె ఆమె.

"జనం రావద్దా అవ్వా? అమావాస్య అంటేనే వస్తారు" అని నవ్వింది భార్గవి.

గుడ్లగూబ కదలలేదు.

భార్గవి ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెబుతుంది. ముప్పై నాలుగేళ్ళు. నెలకొక ఆదివారం ఆ హాల్లో పాత సినిమా వేసి, చివర్లో చూసినవాళ్ళ చేత అభిప్రాయాలు చెప్పించి, వాటిని తీర్చిదిద్ది ఫేస్‌బుక్కులో పెట్టడం ఆమె సరదా. మొదట్లో అది సరదానే. పోనుపోను సినిమా కంటే ఆ అభిప్రాయాలనే జనం ఎక్కువ చదవసాగారు. 'భలే రాశారు మేడం' అన్న మాట కోసం ఆమె ప్రాణం కొట్టుకునేది. ఆ ఆశే తన ఇంటి మీదికి ఏం తెస్తుందో ఆ మధ్యాహ్నం ఆమెకు తెలియదు!

ఆ రోజు వేసింది ఎప్పుడో అరవై ఏళ్ళ కిందట ఇంగ్లండులో తీసిన మమ్మీ సినిమా. తెల్లదొరలు ఎడారిలో ఒక సమాధి పగలగొడతారు. వేల ఏళ్ళ నాటి శవం, ఒళ్ళంతా గుడ్డపీలికలు చుట్టుకున్న శవం, లేచి నిలబడుతుంది. సమాధి తెరిచిన చేతుల్ని వెతుక్కుంటూ సముద్రాలు దాటి వస్తుంది. ఒక్కొక్కరి గొంతూ నులుముతుంది...

పుంగనూరు నుంచి భార్గవి అన్న మునిశేఖర్, వదిన ఉషారాణి కూడా వచ్చారు. మునిశేఖర్ టమోటా రైతు. వరసగా నాలుగేళ్ళు పంటా వానా రెండూ మోసం చేసిన మనిషి. నలభై రెండేళ్ళకే మొహంలో వెలుగు పోయింది. చెల్లెలి సినిమాలంటే అతనికి ఎన్నడూ ఆసక్తి లేదు. ఉషారాణి పోరగా పోరగా వచ్చాడు.

సినిమా అయిపోయింది. లైట్లు వెలిగాయి. భార్గవి నోటుపుస్తకం తెరిచింది.

"నేను చెప్తానమ్మా" అని లేచాడు గిరిబాబు. బ్యాంకులో పని చేస్తాడు. ప్రతి నెలా మొదట లేచేది అతనే. "దెయ్యం కాదు గియ్యం కాదు. ఆసుపత్రిలో కట్లు కట్టిచ్చుకోని పారిపోయి వచ్చినోని మాదిరి ఉండాడు. ఆ నడక సూడండి, మోకాళ్ళు అరిగిపోయినోడు! పరిగెత్తితే దొరకరు కదా? యాల నిలబడి అరుస్తారో నాకు అర్థం కాలేదు."

హాలంతా గొల్లుమంది.

రిటైరయిన హెడ్మిస్ట్రెస్ పద్మావతి కళ్ళద్దాలు సవరించుకుంది. "నవ్వులాటకేమి గానీ, ఆ రంగులు చూసినారా? ఆ పచ్చటి వెలుతురు, ఆ బురదలోంచి చెయ్యి లేచేది... ఇప్పటి కంప్యూటర్ బొమ్మలు దాని కాలి గోటికి రావు. మెల్లిగా వస్తాండాడు కాబట్టే నాకు భయమేసింది. తప్పించుకునేకి టైముండీ తప్పించుకోలేరు చూడండి, అదీ భయమంటే."

గుమ్మం దగ్గర చీపురు పట్టుకుని నిలబడిన రెడ్డెమ్మను కూడా అడిగింది భార్గవి.

"నన్నడిగితే ఆయప్ప పాపం. నిద్రపోతాండేవాన్ని లేపినారు. లేపినోళ్ళే దెయ్యాలు" అంది ముసలామె.

"వదినా, నువ్వు?"

ఉషారాణి తడబడింది. చీర కొంగు వేలికి చుట్టుకుంది. "నాకు ఇంగ్లీషు తెలీదు కదా. ఆ గుడ్డలు మూతి మీద గూడా చుట్టేసినారే... అరవాలన్నా నోరు లేదు ఆయప్పకి. నాకు దానికే వొళ్ళు జల్లుమనింది."

అప్పుడు వెనక వరసలోంచి ఒక తల మెల్లగా ఉషారాణి వైపు తిరిగింది.

యాభై అయిదేళ్ళ మనిషి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, జేబులో పెన్ను, నున్నగా దువ్విన జుట్టు. చూస్తే ఏ ఆఫీసులోనో గుమాస్తా అనుకుంటారు. కుడి బొటనవేలి గోరు మాత్రం మసి పట్టినట్టు నల్లగా ఉంది. ఆ కళ్ళకు రెప్ప అల్లాడదు! తన పేరు గంగాధరమనీ, కుప్పం దగ్గర గుడుపల్లెలో చెట్లమందులు ఇస్తుంటాననీ చెప్పుకున్నాడు.

"ఆ తెల్లోళ్ళు ఒక తప్పు చేసినారమ్మా" అన్నాడు, బళ్ళో పాఠం చెప్పినంత నెమ్మదిగా. "సమాధి తెరిచేకి ముందు కావలిని కట్టుకోవల్ల. కావలి అంటే పీనుగు కాదు, దాని మీద నిలబడిండే ప్రాణం. దాన్ని తీసి ఒక ఆడమనిషిలోకి దించితే అయిపాయ. ఇంక అది బండరాయితో సమానం. దానికి చేతులుండవు. యా తలుపైనా తెరవచ్చు."

"సార్‌కు అనుభవం ఉండేట్టుందే!" అన్నాడు గిరిబాబు. మళ్ళీ నవ్వులు. గంగాధరం కూడా నవ్వాడు. భార్గవి నవ్వుతూనే ఆ మాటలన్నీ పొల్లుపోకుండా రాసుకుంది.

వెంటిలేటర్‌లో గుడ్లగూబ వికృతంగా కూసింది...!

ఆ సాయంత్రం అభిప్రాయాలన్నీ పేజీలో పెట్టింది భార్గవి. ఊరికే పెడితే ఏం బాగుంటుంది? కింద తనదొక ముక్క కలిపింది. 'మమ్మీ కోసం ఈజిప్టు దాకా పోనక్కరలేదు. పుంగనూరు దాటితే కావలిగుట్ట ఉంది. శత్రువులు తరుముకొస్తుంటే ఒక పాళెగాడు తన బంగారాన్ని రాగి కొప్పెరలో పోసి ఆ గుట్ట మీద పూడ్చాడట. దానికి కావలిగా తన దాసిని బతికుండగానే పక్కన పూడ్చాడట. నిధి ఉన్నంతకాలం కదలనని ఆమె చేత ప్రమాణం చేయించి మరీ!' చిన్నప్పుడు నాయనమ్మ చెప్పిన కథ అది. కథతో ఆగినా బాగుండేది. రెండు జంట బండలు, వాటి మధ్య సుద్దరంగు పలక... ఒకప్పుడు విహారానికి వెళ్ళినప్పుడు తీసిన ఫోటో కూడా పెట్టింది.

గంగాధరం పదకొండేళ్ళుగా ఆ గుట్ట చుట్టూ తిరుగుతున్నాడు. గుట్ట మీద పలకలు వందలున్నాయి. ఏ పలకో అతనికి తెలియదు.

ఆ రాత్రే తెలిసింది!

రెండు వారాల తర్వాత మునిశేఖర్ పక్కింటి చౌడమ్మ ఫోను చేసింది.

"అమ్మణ్ణీ, మీ వదిన సంగతి సూసుకోండి. పొద్దు నడినెత్తికొస్తానే మిద్దె మీద పొయ్యి నిలబడతాది. ఎండలో రెండు గంటలు. చెమట గూడా పట్టదు. పలకరిస్తే ఆమె మాట మాదిరి ఉండదు."

భార్గవి కాలేజీకి సెలవు చెప్పి పుంగనూరు బస్సెక్కింది. ఇంటికి చేరేసరికి పన్నెండు కావొస్తోంది. మిద్దె మెట్లెక్కి చూసింది...

ఉషారాణి ఎండలో నిలువుగా పాతేసిన రాయిలా నిలబడి ఉంది! చేతులు రెండూ ఒంటికి అంటుకుపోయాయి. భుజాల నుంచి మణికట్టు దాకా నల్లదారం చుట్లు చుట్లుగా బిగించి ఉంది. దారం కింద చర్మం కమిలిపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఆ కళ్ళలో ఉషారాణి లేదు. సిమెంటు నేల కాలిపోతున్నా ఆ పాదాల చుట్టూ మాత్రం తడి మట్టి వాసన... ఎప్పుడో తవ్విన గొయ్యి వాసన!

"వదినా..."

తల తిరిగింది. ఒళ్ళు తిరగలేదు. తల ఒక్కటే!

"నన్ను యాల లేపితిరి?" అంది ఆ నోరు. గొంతు ఎక్కడో అడుగున, మట్టి పొరల కిందనుంచి వస్తున్నట్టు ఉంది. "పొద్దు పొడిచెనా? దొర వొచ్చెనా? నేను కదల్లేదని చెప్పండి. ఇచ్చిన మాట తప్పలేదని చెప్పండి..."

భార్గవి గోడ పట్టుకుని కిందికి దిగి, పొలం నుంచి వచ్చిన అన్న చొక్కా పట్టుకుంది.

"ఏం చేసినావన్నా వదినను?"

మునిశేఖర్ తల ఎత్తలేదు. "సినిమాకాడ కలిసిన గంగాధరం సామే ఇంటికొచ్చి, కావలిగుట్ట నిధిలో భాగమిస్తానన్నాడు. తలనొప్పికి మందని చెప్పి ఆమెను గుడుపల్లెకు తీసుకోని పోయినా. గంగాధరం సామి కట్టు కట్టినాడు. ఇంక పదైదు దినాలే. అమావాస్య నాడు పలక లేపుతాం. అది అయిపోతానే సామి ఆమెను విడిపిస్తాడు. ఆమెకేమీ తెలీదు, నిద్ర మాదిరే అంట."

"నిద్రా? ఆ చేతులు చూసినావా? ఇప్పుడే పోలీసులకు చెప్తా..."

"చెప్పు!" మునిశేఖర్ గొంతు చీలింది. "నన్ను తీసుకోని పోతారు. సామి దాంట్లో ఒక దారం తెంపితే చాలు, మీ వదిన ఈ పక్కా ఉండదు, ఆ పక్కా ఉండదు. పొయ్యి చెప్పు. నీకేం, నువ్వు కుర్చీలో కూర్చోని పాఠం చెప్పుకుంటావు. వానకు కాళ్ళు పట్టుకునే బతుకు నాది. ఒక్కసారి తలెత్తి నడవాలని ఉండదా నాకు?"

భార్గవి మళ్ళీ మిద్దె ఎక్కింది. దారాల మీద చెయ్యి వేసి విప్పబోయింది. ఉషారాణి ముక్కు నుంచి రక్తం బొటబొటా కారింది. చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

ఆ పదిహేను రోజులూ భార్గవి తినలేదు, నిద్రపోలేదు. ఇద్దరు ముగ్గురు మంత్రగాళ్ళను అడిగింది. గంగాధరం పేరు వినగానే తలుపులు వేసుకున్నారు. పేజీలోని ఫోటో తీసేసింది. అప్పటికే అది వేలమంది ఫోన్లలో ఉంది!

శ్రావణ అమావాస్య... మంగళవారం!

భార్గవి పుంగనూరు చేరేసరికి అన్న ఇంటికి తాళం. "తెల్లారకముందే జీపులో పోయినారమ్మా" అంది చౌడమ్మ.

రాత్రిళ్ళు గుప్తనిధుల దొంగల కోసం గుట్ట కింద ఊరివాళ్ళు కావలి కాస్తారు. పట్టపగలు, అందులో అమావాస్య మధ్యాహ్నం, ఆ వైపు కుక్క కూడా పోదు. గంగాధరం ఆ వేళనే ఎంచుకున్నాడు.

ఆటో గుట్ట కిందే ఆగిపోయింది. భార్గవి ముళ్ళకంపల్లో పడుతూ లేస్తూ ఎక్కింది. గాలి లేదు. ఆకు కదలదు. మిన్నంతా సీసంలా బిగిసిపోయింది. ఎక్కుతున్నకొద్దీ పొగ వాసన, ఆ పొగలో కాలుతున్న వెంట్రుకల కమురు...

జంట బండల మధ్య ఆ దృశ్యం చూసి ఆమె ఉన్నచోటే ఆగిపోయింది!

సుద్దరంగు పలక చుట్టూ రక్తవర్ణంలో కుంకుమ ముగ్గు. నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టిన నిమ్మకాయలు. నడుమ హోమగుండం... దాని ముందు నల్లగుడ్డ మీద ఒక మానవ కపాలం! ఆ కపాలపు కనుగుంటల్లోంచి నల్లదారం బయటికి వచ్చి, ముగ్గు మధ్య నిలబడ్డ ఉషారాణి మెడకు చుట్టుకుని ఉంది. గంగాధరం తెల్లచొక్కా విప్పేశాడు. ఒంటినిండా చితాభస్మం. ఆ గుమాస్తా మొహం ఇప్పుడు లేదు. పెదవుల కొసల నుంచి నురగ కారుతుండగా అతడు గొంతెత్తి పఠిస్తున్న మంత్రం మనిషి నోట పుట్టినది కాదు...!

మునిశేఖర్ గడ్డపారతో పలక అంచు లేపుతున్నాడు.

"అన్నా, వద్దు!" అని పరిగెత్తింది భార్గవి. మునిశేఖర్ అడ్డం వచ్చి ఆమెను పట్టేసుకున్నాడు.

"రానీ అప్పా, సూడనీ" అన్నాడు గంగాధరం మంత్రం ఆపి. ఆమెను చూసి మర్యాదగా తల వంచాడు. "దోవ సూపిచ్చింది ఆయమ్మే కదా. పదకొండేండ్లు కండ్లు కాయలు కాసినా దొరకని పలక. ఒక్క ఫోటోతో దొరికింది. నీ రుణం ఉంచుకోనమ్మా, నీకూ భాగమిస్తా."

ఆ మాట ఆమె గుండెలో గునపంలా దిగింది.

మునిశేఖర్ ఆమెను వదిలి మళ్ళీ గడ్డపార వేశాడు. పలక కిర్రుమంటూ పక్కకు జరిగింది. లోపల నిలువెత్తు గొయ్యి. గొయ్యి గోడకు ఆనుకుని, మోకాళ్ళు గడ్డానికి ముడుచుకుని ఒక చిన్న ఎముకలగూడు. బాల్యం పూర్తిగా వీడని పిల్లది! దాని ఒళ్ళో, రెండు చేతుల ఎముకలూ చుట్టేసి పట్టుకున్న రాగి కొప్పెర. మూతికి లక్కముద్ర చెక్కుచెదరలేదు.

ఉషారాణి శరీరం ఆ గొయ్యిలోకి చూసింది. తన ఎముకలను తానే చూసుకుంటున్న చూపు అది!

మునిశేఖర్ గొయ్యిలోకి దిగి కొప్పెర పైకెత్తాడు. ఎత్తగానే అతని మొహంలో ఏదో మారింది. అంత పెద్ద పాత్ర... అంత తేలిగ్గా ఉంటుందా? గంగాధరం దాన్ని లాక్కుని లక్కముద్ర పగలగొట్టి నేల మీద బోర్లించాడు.

ఏమీ రాలలేదు.

చెయ్యి పెట్టి లోపలంతా తడిమాడు. నఖంతో గీకాడు. ఒక్క కాసు లేదు, ఒక్క పూస లేదు. ముద్ర వేసిననాడే అది ఖాళీ! పాళెగాడు బంగారం ఎటు తీసుకుపోయాడో తీసుకుపోయాడు. తరుముకొచ్చే శత్రువులు ఇక్కడ తవ్వుతూ ఆగిపోవాలని ఒక ఉత్త పాత్రనూ, ఒక పిల్లనూ పూడ్చిపెట్టి వెళ్ళాడు. అంతే!

"ఖాళీనా...?"

ఉషారాణి నోటి నుంచి వచ్చింది ఆ మాట. మెల్లగా, నమ్మలేనట్టు.

"ఖాళీనా? మన్ను మింగితిని. దప్పిక, దప్పిక అని ఏడిస్తిని. ఈ చేతులు విప్పలేదే... మాట ఇస్తినని విప్పలేదే... ఖాళీ కొప్పెరకా నేను కావలి?"

మునిశేఖర్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. భార్గవి కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి. ఆ ఒక్క క్షణం ఆమెకు భయం లేదు.

గంగాధరం మాత్రం కొప్పెరను కాలితో తన్నాడు. "థూ! పోతే పాయ. నిధి లేకుంటే కావలి దొరికింది కదా. దీన్ని నా వెంట తీసుకోని పోతా. కుప్పం పక్క ఇంకా మూడు గుట్టలుండాయి. పీనుగుల భాష పీనుగులకే తెలుస్తాది."

మునిశేఖర్ అదిరిపడ్డాడు. "సామీ! ఆమెను విడిపిస్తానంటివే!"

"విడిపించేకి నాకేమన్నా పిచ్చా?" గంగాధరం వికటంగా నవ్వాడు. "ఈ వొళ్ళు ఎన్నాళ్ళు నిలబడితే అన్నాళ్ళు. పడిపోతే ఇంకొక ఆడది. ఇదో, నీ చెల్లెలు ఉండాది కదా!"

మునిశేఖర్ గడ్డపార ఎత్తి మీదికి పోయాడు. గంగాధరం గుప్పెడు బూడిద ఊదాడు. మునిశేఖర్ ఊపిరాడక నేలకొరిగి గిలగిలా కొట్టుకున్నాడు. క్షుద్రోపాసకుడు కపాలాన్ని చేతికెత్తుకుని, దానినుంచి వచ్చిన దారాన్ని ఒక్క గుంజు గుంజాడు.

"నడువే! నువ్వు నా దాసివి! మాట ఇచ్చినావు, కట్టుబడి ఉండు... నడు!"

దారం బిగిసింది... ఫట్‌మని తెగింది!

గంగాధరం కట్టిన కట్టంతా ఆ పిల్ల ఇచ్చిన మాట మీద కట్టినది. నిధి ఉన్నంతవరకూ కదలనని ఆమె చేసిన ప్రమాణాన్నే తాడుగా పేని ఆమెను ఉషారాణిలో బంధించాడు. నిధే లేదు. నిధి లేనప్పుడు ప్రమాణం ఎక్కడిది? ప్రమాణం లేనప్పుడు కట్టు ఎక్కడిది?

ఫట్... ఫట్... ఫట్... ఉషారాణి చేతుల మీది నల్లదారాలన్నీ ఒక్కొక్కటే తెగిపడ్డాయి. ఒంటికి అతుక్కున్న ఆ రెండు చేతులూ మెల్లగా లేచాయి. వేళ్ళు విచ్చుకున్నాయి. ఆమె ఆ వేళ్ళను మొహం ముందుకు తెచ్చుకుని వింతగా చూసుకుంది. శతాబ్దాలుగా చేతులు లేని ప్రాణానికి చేతులిచ్చినవాడు గంగాధరమే!

అతడి మొహంలో రక్తం ఇంకిపోయింది. "ఆగు... ఆగు! ఓం హ్రీం..." కపాలం అతని చేతిలోనే పిడుగు పడ్డట్టు పగిలి పొడి పొడి అయింది. నాలుక మడతపడింది. నేర్చిన మంత్రాల్లో ఒక్క అక్షరం గుర్తుకు రాలేదు. వెనక్కి వెనక్కి అడుగులు వేశాడు. అతని వెనక గొయ్యి ఉంది...

ఆమె పరిగెత్తలేదు. తొందరపడలేదు. ఒక్కొక్క అడుగే వేస్తూ వచ్చి అతని రెండు మణికట్లూ పట్టుకుంది.

"తప్పయిపోయిందమ్మా! విడిచిపెట్టు తల్లీ! నీకు గుడి కట్టిస్తా... జాతర చేయిస్తా..."

"నాకు గుడి వొద్దు" అంది ఆ గొంతు. "కూర్చో. మోకాళ్ళు ముడుచుకో. నేను కూర్చున్నట్టు కూర్చో."

కెవ్వు... మంటూ అతను పెట్టిన కేక గుట్టలన్నీ తిరిగి వచ్చింది! ఆకాశం నిలువునా చీలింది. వెయ్యి పిడుగుల మోతతో వాన విరుచుకుపడింది. గొయ్యి అంచుల నుంచి మట్టి తనంతట తాను కదిలింది, గంగాధరం కాళ్ళ మీదికి, నడుం మీదికి, రొమ్ము మీదికి... చివరికి తెరిచిన నోట్లోకి! గడ్డపారతో ఒక మగవాడు చెమటోడ్చి లేపిన పలక, గాలికి మూసుకున్న తలుపులా జరిగి గొయ్యి మీద కూర్చుంది. దాని కింద ఒకటి రెండు సార్లు గోళ్ళు గీరిన చప్పుడు.

తర్వాత వాన చప్పుడు ఒక్కటే.

ఉషారాణి పలక పక్కన కుప్పకూలింది.

మర్నాడు పోలీసులు జనం సాయంతో పలక తీయించారు. పరీక్ష చేసిన డాక్టరు ఆ శవాన్ని ఒకటికి రెండుసార్లు తిప్పి చూశాడు. ఒక్క రోజు శవం కాదు అది! చర్మం ఎండిన తోలులా ఎముకలకు అతుక్కుపోయింది. ఒంటి చుట్టూ గడ్డివేళ్ళు పీలికలు చుట్టినట్టు అల్లుకున్నాయి. పక్కనున్న చిన్న ఎముకలు మాత్రం కనబడలేదు. 'వానకు కొట్టుకుపోయి ఉంటాయి' అని రాసుకున్నారు.

భార్గవి జరిగింది జరిగినట్టు చెప్పింది. రాసుకుంటున్న పోలీసు కలం ఆపి ఆమెను జాలిగా చూశాడు. గుప్తనిధి తవ్వకం కేసులో మునిశేఖర్‌ను తీసుకెళ్ళారు. బెయిలు మీద వచ్చేసరికి ఇంట్లో భార్య లేదు. కుప్పంలో తల్లి దగ్గరికి వెళ్ళిపోయింది. రెండుసార్లు వెళ్ళాడు. ఆమె తలుపు తీసి, మంచినీళ్ళిచ్చి, ఒక్క మాట మాట్లాడకుండా లోపలికి పోయింది. మూడోసారి అతను వెళ్ళలేదు.

మదనపల్లెలో ఆ సంగతి మీద అభిప్రాయాలు చెప్పనివాడు లేడు. పిడుగు అన్నారు, పాము అన్నారు, మొగుడూపెళ్ళాల గొడవ అన్నారు. భార్గవి సినిమాలు మళ్ళీ ఎప్పుడు వేస్తుందని హాలు దగ్గరికి ముందెన్నడూ లేనంత మంది వచ్చి అడిగారు. 'ఇదంతా రాయండి మేడం, ఎట్లుంటాదో చూడండి' అన్నాడు గిరిబాబు. భార్గవి హాలు తాళం యజమానికి ఇచ్చేసింది. నిజం చెప్పాలంటే, రాత్రిళ్ళు రాయాలనే అనిపించేది ఆమెకు. మొదటి వాక్యం కూడా తట్టేది. లేచి మొహం కడుక్కునేది.

కార్తీకమాసంలో ఒక రోజు కుప్పం బస్సెక్కింది. ఉషారాణి అక్కడి బడిలో మధ్యాహ్న భోజనం వండే పనికి కుదిరింది. వంటషెడ్డు ముందు చేటలో బియ్యం చెరుగుతోంది. మోచేతుల దాకా దారం ఒరిసిన చారలు, నల్లగా, గాజుల వరసల్లా మిగిలాయి.

"రా భార్గవీ. కూర్చో" అంది. పీట వేసింది. కోపం లేదు. మునుపటి చనువూ లేదు.

"తప్పు నాది వదినా" అంది భార్గవి. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ అంతటితో అయిపోయాయి.

ఉషారాణి బియ్యంలో రాయి ఏరి పారేసింది. "అవును" అంది. "మీ అన్నదీ తప్పే. ఇద్దరికీ నా వొళ్ళే దొరికింది."

పొయ్యి మీద సాంబారు తెర్లుతోంది. భార్గవి ఉండబట్టలేక అడిగింది.

"ఆ పిల్ల... పోయేటప్పుడు నీకేమన్నా చెప్పిందా?"

ఉషారాణి చేతులు ఆగాయి. "చెప్పింది. తన పేరు చెప్పింది. పూడ్చేటప్పుడు గూడా దాసీ అనే పిలిచినారంట. మూడు నూర్ల ఏండ్లల్లో ఎవురూ అడగలేదంట. నేను అడిగినా. లోపల నేనూ ఆమె తప్ప ఎవురుండారు, మాట్లాడుకునేకి? రోజూ పొద్దున లేస్తానే ఒకసారి ఆ పేరు పిలుస్తాను."

భార్గవి ముందుకు వంగింది. తనకు తెలియకుండానే వంగింది.

"ఏం పేరు వదినా?"

ఉషారాణి చేట కింద పెట్టి ఆమెను చూసింది.

"నీకు చెప్తే రాస్తావు భార్గవీ."

బడిగంట కొట్టారు. పళ్ళేలు మోగించుకుంటూ పిల్లలు పరిగెత్తుకొస్తున్నారు. ఉషారాణి గరిటె అందుకుని, చీర కొంగు బొడ్లో దోపుకుని, వాళ్ళ వరస వైపు వెళ్ళిపోయింది.